పోయింది అన్న మాట

కిందటేడు టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఒక పిల్లవాడి మొదటి పుట్టినరోజుకి వెళ్లి, ముక్కూ మొహం తెలియని ఒకావిడతో గొడవ పెట్టుకుని వచ్చాను. పేపర్ ప్లేట్లలో బిర్యానీ పెట్టుకుని పక్కపక్కన కూర్చున్నాం. మాటల్లో ఆవిడది నిజామాబాద్ అనీ, ఈ మధ్యనే నార్త్ కెరొలైనా నుంచి టెక్సస్‌కి మారారనీ తెలిసింది. నేను హైస్కూలు చదివింది అక్కడే, క్యారీలో, అని చెప్పాను. ఆవిడ పనిచేసిన కంపెనీ పేరు వినగానే నా హైస్కూలు స్నేహితురాలు గుర్తొచ్చింది. తనూ అందులోనే చేరింది. ఫోన్ నంబర్లు మారిపోయి మా మధ్య మాటలు లేక మూడేళ్లయింది. పేరు చెప్పి, ఎలా ఉందని అడిగాను.

“ఆమెనా? ఆమె పోయింది గద, మార్చిలనే,” అంది ఆవిడ, పెరుగు చట్నీలో ఉల్లిపాయ ముక్కలు ఏరుకుంటూ.

నా చేతిలో ప్లేటు ఒళ్లోకి ఒరిగిపోయింది. పాతికేళ్ల మనిషి. మార్చి నుంచి ఇప్పటిదాకా నేను తింటూ, తిరుగుతూ, ఆఫీసులో మేనేజర్ని తిట్టుకుంటూ మామూలుగా బతికేశాను. ఎదురుగా ఈవిడ ఉల్లిపాయలు ఏరుకుంటోంది. ఇంత రాతిగుండె ఉంటుందా మనిషికి అనుకున్నాను. “ఎట్లా?” అని అడిగాను.

“ఎట్లా ఏంది? ఫ్లైట్లనే. మొగనికి బే ఏరియాల జాబొచ్చింది, ఇద్దరు పోయిన్రు.”

పోయిన ప్రాణం లేచొచ్చింది. లేచొచ్చిన ప్రాణం ఊరికే ఉండక కోపం తెచ్చుకుంది. వెళ్లింది అనొచ్చు కదండీ, పోయింది అంటారేమిటి, వినేవాళ్లు ఏమైపోవాలి అని ఆవిడ మీద విరుచుకుపడ్డాను. ఆవిడ తినడం ఆపి నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ఆంధ్రానా అని అడిగింది. కరీంనగర్ అన్నాను. నమ్మలేదు. ప్లేటు తీసుకుని వేరే కుర్చీలోకి మారిపోయింది.

ఆవిడ తప్పేం లేదు. మా ఇంట్లో రోజుకు వందసార్లు పోతాం. బజారుకు పోతాం, ఆఫీసుకు పోతాం, పెళ్లికి పోతాం. మనిషి చనిపోయినప్పుడు పోయిండనడం మాకూ ఉంది గాని, ఆ మాట చెవిన పడగానే మాకు మొదట తోచేది ఏదో ఊరు. కోస్తావాళ్లు మనిషి గురించి ఆ మాట అన్నారంటే ఇక అర్థం ఒక్కటే. ఈ తేడా నేను పదహారేళ్లప్పుడు ఆ స్నేహితురాలి దగ్గరే నేర్చుకున్నాను. నేర్చుకున్న పద్ధతి తలుచుకుంటే ఇప్పటికీ చెమటలు పడతాయి.

పేరు రాయను. ప్రపంచంలో జరిగే ప్రతిదీ తను రాసేది గాని, తన గురించి ఇంకొకరు రాస్తే ఒప్పుకునే మనిషి కాదు.

మేము క్యారీకి వచ్చింది 2005 వేసవిలో. కరీంనగర్‌లో టెన్త్ పాసై వచ్చి, ఇక్కడ పదకొండో తరగతిలో పడ్డాను. ఇంగ్లీషు మీడియం అన్న గర్వం మొదటి వారంలోనే దిగిపోయింది. మూడో రోజు కెఫెటేరియాలో డబ్బా పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడి ఉంటే, ఒక అమ్మాయి వెనక్కి నడుచుకుంటూ వచ్చి నన్ను గుద్దేసింది. అది ఆమె అలవాటు. తన వెంట వచ్చేవాళ్లతో మాట్లాడాలంటే వాళ్ల వైపు తిరిగి, వెనక్కి నడుస్తూ మాట్లాడేది. ఆ పొడవాటి కారిడార్లలో ఏడాది పొడుగునా అలాగే నడిచింది. నన్ను తప్ప ఎవరినీ గుద్దగా చూడలేదు.

సారీ చెప్పి, నా మెడలో ఐడీ కార్డు మీద ఇంటిపేరు చదివి, “తెలుగా?” అంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. మూడు రోజుల తర్వాత ఇంటి బయట విన్న మొదటి తెలుగు మాట అది.

తనూ ఆ నెలలోనే కొత్తగా వచ్చింది, న్యూజెర్సీలో ఐసెలిన్ దగ్గర నుంచి. పుట్టింది ఇక్కడే. నాన్న ఏదో మందుల కంపెనీలో సైంటిస్టు. సన్నటి మనిషి, భుజాల దాకా కత్తిరించిన జుట్టు, చెవి వెనక ఎప్పుడూ ఒక పెన్సిల్, కుడిచేతికి మగవాళ్ల వాచీ. ఎవరైనా మాట్లాడుతుంటే తల ఎడమవైపుకి కాస్త వంచి వినేది. ఇండియాకి రెండేసార్లు వెళ్లిందట. తెలుగు వచ్చు గాని, ఆ తెలుగులో ఎత్తుపల్లాలు ఉండేవి కావు. సంతోషమైనా కోపమైనా మాటలన్నీ ఇస్త్రీ చేసిన బట్టల్లా ఒకే తీరున వచ్చేవి. చిన్నా పెద్దా లేకుండా అందరూ నువ్వే.

వారం గడిచాక ఒకరోజు లంచ్‌లో అడిగాను. నేను అమ్మ కట్టిన డబ్బా తెచ్చుకుంటుంటే తను రోజూ స్కూల్లో అమ్మే పిజ్జా కొనుక్కునేది. మీ అమ్మ డబ్బా కట్టదా అన్నాను.

“మా అమ్మ పోయింది,” అంది.

“ఎటు పోయింది? ఇండియాకా?”

తల ఎడమవైపుకి వంచి నన్ను చూసింది. పక్క టేబుల్ వాళ్లు లేచి ట్రేలు పడేసి వెళ్లిపోయారు. అప్పుడు, “ఊఁ. ఇండియాకి,” అంది.

“ఎప్పుడొస్తది?”

“సమ్మర్‌కి.”

తర్వాత నా డబ్బా వైపు చూసి, ఆ రొట్టె కొంచెం ఇస్తావా అంది. సర్వపిండి అది. సగం విరిచి ఇచ్చాను.

వాళ్లమ్మ చనిపోయి అప్పటికి ఆరు వారాలు. ఈ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచి మిమ్మల్ని హడలగొట్టాలని లేదు. నాకు మాత్రం తొమ్మిది నెలలు తెలియలేదు. తొమ్మిది నెలలు ఆమెతో కలిసి తిన్నాను, తిరిగాను. సోమవారం సోమవారం వాళ్లమ్మ ఎలా ఉందని అడిగాను. ఇంత మొద్దుగా ఎలా ఉన్నానో నాకిప్పటికీ అంతుపట్టదు.

సెప్టెంబరులో స్టూడెంట్ కౌన్సిల్ ఎన్నికలొచ్చాయి. ప్రెసిడెంటుకి పోటీ చేయమని నేనంటే, ప్రెసిడెంట్ మాట్లాడాలి, సెక్రెటరీ రాస్తే చాలు అంది. మిగతావాళ్ల పోస్టర్ల మీద మెరుపు కాగితాలు, బెలూన్లు. ఆమెది ఉత్త తెల్ల కాగితం, దాని మీద నల్ల అక్షరాలు: నేను రాసిపెడతాను. అంతే. ఫుట్‌బాల్ ఆడే పిల్లవాడి మీద గెలిచింది. ఎందుకు గెలిచిందో ఎవరికీ అర్థం కాలేదు, ఆమెకి తప్ప.

కౌన్సిల్ మీటింగుల్లో జరిగిందంతా సెక్రెటరీ రాసి, తర్వాతి మీటింగులో చదివి వినిపించాలి. దాన్ని మినిట్స్ అంటారు. ముందున్నవాళ్లు నాలుగు ముక్కలు రాసి ఊరుకునేవారట. ఈమె అన్నీ రాసేది. వెండింగ్ మెషీన్‌లో చిప్స్ మార్చాలన్న ప్రతిపాదన నెగ్గినది. డాన్స్‌కి ఏ రంగు అలంకరణ అన్న చర్చలో ఒక సభ్యురాలు ఏడ్చినది, తర్వాత నీళ్లు తాగినది. ప్రెసిడెంటు తన ప్రసంగంలో ఒకే మాట పదకొండుసార్లు అన్నాడు. ఇవన్నీ ఆ ఒకే తీరు గొంతుతో, నవ్వకుండా చదివేది. గది గదంతా నవ్వి చచ్చేది. ఎవరైనా ఇదంతా ఎందుకు రాశావంటే, మినిట్స్‌లో లేకపోతే జరగనట్టే అనేది.

నన్ను కూడా మీటింగులకి లాక్కెళ్లింది. ఎవరైనా ఏదైనా ప్రతిపాదిస్తే ఇంకొకరు ‘సెకండ్’ అని బలపరచాలి. నాకా సంగతి తెలియదు. ఒకసారి నా పక్కవాడు ఏదో చెప్పి, నా వైపు తిరిగి “సెకండ్?” అన్నాడు. ఒక్క క్షణం ఆగమంటున్నాడనుకుని బుద్ధిగా ఆగాను. గదంతా నా కోసం ఆగింది. అదీ మినిట్స్‌లోకి ఎక్కింది, నలభై సెకండ్ల మౌనం అని. ఆ తర్వాత ఎప్పుడు నేను ఏమన్నా, ఆకలేస్తోందన్నా సరే, తను సెకండ్ అనేది.

ఆ ఏడాది మమ్మల్నిద్దరినీ ఆనర్ సొసైటీకి, అంటే బాగా చదివే పిల్లల సంఘానికి, కూడా ఎంపిక చేశారు. మార్కులుంటే చాలదు, నలభై గంటలు ఊరికి సేవ చేసి లెక్క చూపించాలి. మా తమ్ముణ్ని ఎత్తుకోవడం సేవ కిందికి వస్తుందా అని అడిగితే, రాదు అని నన్ను లైబ్రరీకి తీసుకెళ్లి పుస్తకాలు సర్దించింది.

డ్రామా క్లబ్బులో మాత్రం తను స్టేజీ ఎక్కేది కాదు. స్టేజ్ మేనేజర్. రిహార్సల్లో పక్కన స్టూలు మీద కాళ్లు ముడుచుకుని, ఒళ్లో స్క్రిప్టు పెట్టుకుని కూర్చునేది. నటించేవాళ్లు మాట మరిచిపోతే ‘లైన్’ అని అరుస్తారు. వెంటనే ఆమె ఆ వాక్యం మొదటి రెండు మాటలు అందించేది. ప్రేమ మాటలైనా చావు మాటలైనా ఒకే గొంతు. నవ్వదు, విసుక్కోదు. నాకు టీచరే రాసిన నాటకంలో బేకరీలో పనిచేసే అమ్మాయి వేషం ఇప్పించింది. నాలుగే లైన్లు. స్టేజీ ఎక్కితే నీ ఇంగ్లీషు దానంతటదే దారిలో పడుతుందంది. నేను ఆ నాలుగింటికీ ఆరుసార్లు ‘లైన్’ అని అరిచేదాన్ని.

తల్లి దగ్గర లేని పిల్ల కదా అని మా అమ్మ నా డబ్బాతో పాటు ఆమెకీ ఒకటి కట్టడం మొదలుపెట్టింది. డబ్బా ఏనాడూ ఖాళీగా తిరిగి రాలేదు. ఖాళీ డబ్బా ఇవ్వకూడదని వాళ్లమ్మ నేర్పిందట. ఆ ఇంట్లో వంట లేదని నాకేం తెలుసు? అందుకే డబ్బాలో చెక్కిన పెన్సిళ్లు వచ్చేవి, కొట్లో కొన్న గ్రనోలా బార్లు వచ్చేవి, ఒకసారి ఏకంగా స్టేప్లర్ వచ్చింది. మా అమ్మ ఆ స్టేప్లర్ని చాలా రోజులు వంటింట్లోనే పెట్టుకుంది.

ఇక సోమవారాలు. సోమవారం లంచ్‌లో మీ అమ్మ ఏమంటోంది అని నేను అడగాలి, తను చెప్పాలి. అడగడం ఎప్పుడైనా మరిచిపోతే తినకుండా కూర్చునేది. అమ్మకి జలుబు చేసింది. అమ్మ చీర కొంది, గ్రీన్. అమ్మ వాళ్ల కజిన్ పెళ్లికి వెళ్లింది. మా అమ్మ మాట్లాడతానంటోంది, నంబరివ్వు అంటే, ఇప్పుడు అక్కడ నిద్ర టైము అనేది. మధ్య మధ్య నన్ను ప్రశ్నలడిగేది. ఇప్పుడు అక్కడ వానలా? ఈ నెలలో ఏం కూరలు దొరుకుతాయి? అక్టోబరులో ఏ పండుగ? నేను కరీంనగర్ గురించి ఊరిస్తూ ఊరిస్తూ చెప్పేదాన్ని. వారం తిరిగేసరికి అదే నాకు వాళ్లమ్మ కబురై వచ్చేది. అమ్మ నిన్న బతుకమ్మ ఆడింది, చాలా పూలు తెచ్చారు అంది ఒక సోమవారం. వాళ్లది తెనాలి. నాకు అనుమానం రాకపోగా, సంబరంగా ఇంటికెళ్లి అమ్మకు చెప్పాను. ఆంధ్రోల్లు గూడ ఆడుతున్రా అని అమ్మ ఆశ్చర్యపోయి, మంచిదేనాయె అంది.

మే నెలలో ఒక మంగళవారం సాయంత్రం ఆనర్ సొసైటీ వేడుక. స్టేజీ మీద పెద్ద కొవ్వొత్తి ఒకటి వెలుగుతుంటుంది. ఒక్కొక్కరి పేరూ, తల్లిదండ్రుల పేర్లూ పిలుస్తారు. పిలిచినప్పుడు తల్లీ తండ్రీ కూర్చున్న చోట లేచి నిలబడతారు, పిల్లలు స్టేజీ మీద తమ కొవ్వొత్తి వెలిగించుకుంటారు. అంతకు ముందు ఏడాది ప్రిన్సిపల్ మన పేర్లన్నీ నమిలి ఉమ్మేశాడట. ఈసారి పేర్లు చదవడానికి నన్ను పెట్టమని టీచరుకి చెప్పింది ఆమే. పేర్లు రాసిన కార్డులు తయారుచేసిందీ ఆమే. భయపడకు, కార్డు మీద ఉన్నదే చదువు, ఇంకేం మాట్లాడొద్దు అని నాకు చెప్పి మరీ పంపింది.

హాలు నిండా జనం. మా అమ్మానాన్నలు వెనక వరసలో ఉన్నారు. వాళ్ల నాన్న మూడో వరసలో, టై కట్టుకుని, ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన్ని నేను చూడటం అదే మొదటిసారి. తెలుగువాళ్ల పార్టీలకి ఆయన వచ్చేవాడు కాదు. ఇరవై పేర్ల దాకా గడగడా చదివేశాను. ఒక్కటీ తప్పు పోలేదు, చప్పట్లు కూడా కొట్టారు. ధైర్యం వచ్చేసింది. తర్వాతి కార్డు ఆమెది. తన పేరు, కింద తండ్రి పేరు. తల్లి పేరు లేదు. ఊళ్లో లేదు కదా అని రాయలేదనుకున్నాను. అందరి తల్లుల పేర్లూ పిలిచి తన తల్లి పేరు పిలవకపోతే ఎలా అని నాకెక్కడలేని ప్రేమ పొంగుకొచ్చింది. వాళ్లమ్మ పేరు నాకు తెలుసు, ఏ సోమవారమో చెప్పింది.

కార్డు దించేసి, మైకులో, నా సొంత ఇంగ్లీషులో ఆ పేరు పలికాను. ఆవిడ ఇప్పుడు ఇండియాలో ఉన్నారు, అందుకే ఈ రోజు రాలేకపోయారు, సమ్మర్‌కి వచ్చేస్తారు, ఆవిడ కోసం కూడా చప్పట్లు కొడదాం అన్నాను. నేనే మొదట కొట్టాను.

ఎవరూ కొట్టలేదు. కౌన్సిల్ పిల్లలు, డ్రామా టీచరు, ముందు వరసలో పిల్లల మంచిచెడ్డలు చూసే స్కూలు కౌన్సిలరు, అందరూ నోళ్లు తెరిచి నన్ను చూస్తున్నారు. ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మూడో వరసలో వాళ్ల నాన్న లేచి నిలబడ్డాడు, పేరు పిలిచినందుకో ఇంకెందుకో తెలియదు. ఒక పక్కకి తిరిగి తన పక్క కుర్చీ వైపు చూశాడు. అందులో వేరే ఎవరిదో కోటు ఉంది. ఏదో ఘోరం జరిగిపోయిందని తెలుస్తోంది, ఏమిటో తెలియదు. చేతిలో కార్డులున్నాయి, వాటి మీద అక్షరాలు అలుక్కుపోయాయి.

ఆమె నాకు మూడడుగుల దూరంలో, వెలిగించని కొవ్వొత్తి పట్టుకుని ఉంది. వెళ్లి వెలిగించుకుంది. తన చోటికి తిరిగొస్తూ నా వెనకాల ఆగి, తర్వాతి పేరు చెప్పింది. రిహార్సల్లో చెప్పినట్టే, చిన్నగా, నాకు మాత్రమే వినిపించేలా. నేను ఆ పేరు పలికాను. దాని తర్వాతిదీ చెప్పింది. అదీ పలికాను. అలా చివరిదాకా పన్నెండు పేర్లు ఆమే అందించింది. చేతిలో ఉన్న కార్డులు నాకు కనబడలేదు.

వేడుక అయ్యాక హాలు బయట జనం కేకు కోసం నిలబడి ఉంటే, వాళ్ల నాన్న మా దగ్గరికి వచ్చాడు. మా అమ్మ ఎదురెళ్లి “నమస్తే అన్నా” అంది. ఆయన చాలా మర్యాదగా, ఎవరికీ తెలియని విషయం చెబుతున్నట్టు చెప్పాడు.

“మా ఆవిడ పోయిందమ్మా. పోయిన జులైలో.”

“అవునన్నా, పిల్ల చెప్పింది. ఎప్పుడొస్తదట మరి?” అంది మా అమ్మ.

నా పక్కన మా నాన్న అమ్మ మోచెయ్యి పట్టుకున్నాడు. ఆఫీసులో గుంటూరు వాళ్లతో తిరిగే మనిషి, ఆయనకి అర్థమైంది. అమ్మకి కాలేదు. నవ్వుమొహంతో జవాబు కోసం చూస్తూనే ఉంది. ఆయన టై సరిచేసుకుని, “షి ఈజ్ నో మోర్,” అన్నాడు.

అమ్మ అక్కడే నేల మీద కూలబడిపోయింది. చుట్టూ అమెరికావాళ్లు నీళ్ల సీసాలతో పరుగెత్తుకొచ్చారు. నేను మాత్రం కదల్లేదు. జులై, జులై అని లోపల లెక్కేసుకుంటున్నాను. జులై అయితే ఆ పిజ్జా రోజు నేను అడిగింది ఏమిటి? జలుబు ఎవరికి చేసింది, గ్రీన్ చీర ఎవరు కొన్నారు? ఆయనే నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, పక్కన కూర్చున్నాడు. కోప్పడతాడనుకున్నాను. మా అమ్మాయి ఇంకా ఏం చెప్పిందమ్మా అని అడిగాడు. ఇంట్లో తను ఆ పేరే ఎత్తదన్నాడు. నేను ఏడుస్తూ ఒక్కొక్కటీ చెప్పాను. బతుకమ్మ సంగతి చెప్పగానే ఆయన నేలవైపు చూస్తూ, “మా వైపు ఆడరమ్మా,” అన్నాడు.

స్కూల్లో అందరికీ తెలుసట, మొదటి వారం నుంచీ. ఆమెకి నేనే అందరికంటే దగ్గర కాబట్టి, నాకు తెలియకపోవడమేమిటని ఎవరూ నాతో ఆ మాట ఎత్తలేదు.

బుధవారం స్కూలుకి వెళ్లలేదు. గురువారం వెళ్లి, లంచ్ టైమంతా బాత్రూములో కూర్చున్నాను. శుక్రవారం సాయంత్రం నాటకం, తప్పించుకునే దారి లేదు. మ్యూజిక్ గదిలో అద్దాలు పెట్టి మేకప్పులు వేస్తున్నారు. బేకరీ ఏప్రన్ కట్టుకోవడం చేతకాక తంటాలు పడుతుంటే ఆమె వెనకనుంచి వచ్చి నాడాలు అందుకుని ముడి వేసింది. బుధవారం రిహార్సల్‌కి రాలేదు, ఆబ్సెంట్ రాసుకున్నాను అంది. నేను సారీ మొదలుపెట్టాను. ఇంగ్లీషులో చెప్పాను, తెలుగులో చెప్పాను, నా మొద్దుతనాన్ని తిట్టుకున్నాను, మా భాషను తిట్టాను. మాట మరిచిపోయినవాళ్ల కోసం ఆగినట్టే నేను ఆపేదాకా ఆగింది.

“నాన్న ఫోన్‌లో అందరికీ పోయింది, పోయింది అని చెప్పాడు. అందుకే నాకు ఆ వర్డ్ వచ్చు,” అంది. “స్కూల్లో నేనే చెప్పాను, ఇంగ్లీష్‌లో. అందరూ సారీ అన్నారు. తర్వాత ఎవరూ ఏం అడగలేదు. నువ్వు ఒక్కదానివి అడిగావు. ఎవ్రీ మండే అడిగావు.”

తను వాచీ చూసుకుంది. పిల్లలు ఒక్కొక్కరే గదిలోంచి వెళ్లిపోతున్నారు.

“ఇంకొక్కసారి అడుగు,” అంది.

ఏం అడగమంటోందో తెలిసింది. నా వల్ల కాదన్నాను. చచ్చినా అడగనన్నాను. తల ఎడమవైపుకి వంచి, కదలకుండా అక్కడే నిలబడింది. ఆ మొహంలో కోపం లేదు, బతిమాలడం లేదు. అడగకపోతే నన్ను ఎప్పటికీ ఆ గదిలోంచి కదలనివ్వదనిపించింది.

“మీ అమ్మ ఎప్పుడొస్తది?” అన్నాను.

“రాదు,” అంది.

ఆ గొంతు నేను ఎన్నడూ విన్నది కాదు. రెండక్షరాల మాట, మధ్యలో విరిగింది. నేను పట్టుకోబోతే వద్దన్నట్టు చెయ్యి పెట్టి ఆపింది. నా ఏప్రన్ ముడి విప్పి, మళ్లీ గట్టిగా కట్టి, భుజం పట్టుకుని స్టేజీ తలుపు దాకా నడిపించింది.